విషయం నుంచి ప్రతిపాదనకు: తెలుగు పరిశోధనవ్యాసంలో ఆకరాల అన్వేషణ (‘కన్యాశుల్కం’ ఉదాహరణగా)

వ్యాససంగ్రహం:

తెలుగు సాహిత్యపరిశోధనలో విషయాన్ని ఎంచుకోవడం ఒక పని, ఆ విషయం మీద ఒక ప్రతిపాదన చేయడం మరొక పని. మొదటిది పూర్తికాగానే రెండోదీ పూర్తయిందనుకోవడం వల్ల అనేక వ్యాసాలు సమాచారసేకరణ దగ్గరే ఆగిపోతున్నాయి. ఆకరాలను వెదకడం, వాటి విలువను నిర్ణయించడం, వాటి నుంచి ప్రతిపాదనను రూపొందించడం అనే మూడు పనులకూ ఉన్న పరస్పరసంబంధాన్ని గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ రెండు కూర్పుల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’ను కూడా ప్రసక్తానుసారంగా చర్చిస్తుంది.

కీలక పదాలు: ప్రాథమిక ఆకరాలు, ద్వితీయ ఆకరాలు, సంశయం, పూర్వపక్షం, ప్రతిపాదన, కూర్పు, పీఠిక, కన్యాశుల్కం.

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయాల తెలుగుశాఖలకు సమర్పించిన సిద్ధాంతగ్రంథాల శీర్షికలను వరసగా చదివితే రెండు మూడు మూసలు కనిపిస్తాయి. ‘ఫలానా కవి జీవితం – సాహిత్యం’, ‘ఫలానావారి నవలలు – స్త్రీపాత్రలు’, ‘ఫలానా కావ్యం – ఒక పరిశీలన’. ఇవి తప్పు శీర్షికలని అనడానికి వీల్లేదు. ఒక కవి రచనలన్నీ ఎక్కడెక్కడో చెదిరి ఉన్న కాలంలో వాటిని ఒకచోటికి చేర్చడమే పెద్ద సేవ. ఆ తరం పరిశోధకులు ఆ పని చేసిపెట్టారు కాబట్టే ఈనాటివారికి అడుగు వేయడానికి నేల దొరికింది. అయితే చేర్చే పని పూర్తయిన విషయం మీద కూడా అదే పద్ధతిలో రాస్తున్నప్పుడు చిక్కు వస్తోంది. వ్యాసమంతా చదివిన పాఠకుడు ‘ఇందులో రుజువుచేసిన మాట ఏది?’ అని అడిగితే జవాబు దొరకదు. ‘పరిశీలన’ అనే మాట ఆ లోటును కప్పిపుచ్చే ముసుగైపోయింది.

2. విషయం, సంశయం

ఈ లోటును గుర్తించడానికి మన శాస్త్రసంప్రదాయంలోనే ఒక చక్కని కొలమానం ఉంది. మీమాంసకులు ఒక్కొక్క అధికరణాన్ని ఐదు అంగాలుగా నడుపుతారు: విషయం, విశయం, పూర్వపక్షం, ఉత్తరపక్షం, సంగతి. వీటిలో రెండోదైన ‘విశయం’ అంటే సంశయం. విషయానికీ విశయానికీ మధ్య ఒక్క అక్షరమే తేడా. మన వ్యాసాల్లో చాలాభాగం ఆ ఒక్క అక్షరం దాటలేకపోతున్నాయి. ‘కన్యాశుల్కంలో మధురవాణి’ అనేది విషయం. ‘మధురవాణి పాత్ర రెండో కూర్పులో ఎందుకు అంతగా పెరిగింది?’ అనేది సంశయం. మొదటిదాని కింద ఎన్ని పేజీలైనా రాయవచ్చు, ఎక్కడైనా ఆపవచ్చు. రెండోదాని కింద రాసేవారికి ఏ పుస్తకం అవసరమో, ఏది అనవసరమో, ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది. ఆకరాల వేటకు దారి చూపేది సంశయమే. ‘దొరికినవన్నీ చదివి తరువాత ఆలోచిద్దాం’ అనుకొని బయలుదేరినవారికి కాగితాలు పెరుగుతాయి, సందేహం మాత్రం పుట్టదు.

అలాగని సంశయం శూన్యంలోంచి ఊడిపడదు. మూలగ్రంథాన్ని రెండు మూడుసార్లు చదివినప్పుడు ఎక్కడో ఒకచోట పంటికింద రాయిలా తగులుతుంది. అది తగిలిన చోటును గుర్తుపెట్టుకోవడం పరిశోధకుడి మొదటి పని. తరగతిగదిలో పాఠం చెప్పే అధ్యాపకులకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఏటేటా అదే పాఠం చెప్పేటప్పుడు విద్యార్థి అడిగిన ప్రశ్నకు ‘అది అంతే’ అని తప్పించుకున్న సందర్భాలే తరువాత మంచి వ్యాసాలకు బీజాలవుతాయి.

3. ఏ కూర్పు?

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది. 1897లో తొలిసారి అచ్చయింది. గురజాడ దాన్ని విస్తృతంగా తిరగరాసి 1909లో రెండో కూర్పును ప్రకటించారు. తొలి కూర్పు ఐదంకాలు, మలి కూర్పు ఏడంకాలు. మధురవాణి పాత్ర మలి కూర్పులోనే ఈనాడు మనకు తెలిసిన స్థాయికి పెరిగింది. ఇవన్నీ ప్రతి తెలుగు ఎం.ఎ. విద్యార్థికీ తెలిసినవే. అయినా ఈ నాటకం మీద వచ్చే వ్యాసాల్లో తరచుగా కనిపించే తీరు ఇది: ఉపోద్ఘాతంలో ‘1892లో వెలువడిన ఈ నాటకం’ అని రాస్తారు, వ్యాసంలో సంభాషణలన్నీ 1909 పాఠం నుంచి ఉదాహరిస్తారు, చివరకు 1890ల సమాజం గురించి నిర్ణయం చేస్తారు.

ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది. దీని ఫలితం ఎంత దూరం పోతుందో చూడవచ్చు. మద్రాసు రాజధానిలో భోగంమేళాలకు వ్యతిరేకమైన ఉద్యమం 1890ల తొలి సంవత్సరాల్లో ఊపందుకుంది. 1893లో సంఘసంస్కర్తలు వైస్రాయికీ మద్రాసు గవర్నరుకూ విన్నపాలు పంపారు. ఒక పరిశోధకుడు మధురవాణిని ఆ ఉద్యమానికి గురజాడ ఇచ్చిన తక్షణ సమాధానంగా నిరూపించదలచాడనుకుందాం. తన ప్రతిపాదనకు ఆధారమైన సన్నివేశాలు 1909 పాఠంలోనివైతే అవి 1893 నాటి ఉద్యమానికి తక్షణ సమాధానం కాలేవు. పదహారేళ్లు గడిచాక, ఉద్యమం ఫలితాలను చూసిన తరువాత రాసిన మాటలవుతాయి. ఇక్కడ ప్రతిపాదన పూర్తిగా తప్పని చెప్పలేము. దాని కాలం మారింది కాబట్టి అర్థం మారింది. బహుశా మారిన అర్థమే మొదటిదానికంటె ఆసక్తికరమైనది కూడా.

1892 ప్రదర్శన గురించి మాట్లాడదలచినవారికి మరో అడ్డంకి ఉంది. 1897 ముద్రణ కూడా ఆ ప్రదర్శనకు నేరుగా సాక్ష్యం కాదు. ఆ రెంటికీ మధ్య ఐదేళ్లున్నాయి. అప్పుడు ఆడిన పాఠమే తరువాత అచ్చయిందని అనుకోవడానికి వేరే ఆధారం చూపాలి. లేనప్పుడు ‘1897 నాటికి ఉన్న పాఠం’ అని మాత్రమే చెప్పడం ఉచితం.

తొలి కూర్పు చాలాకాలం మరుగున పడి ఉంది. బంగోరె (బండి గోపాలరెడ్డి) దాన్ని ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో 1969లో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. తరువాత మనసు ఫౌండేషన్ 2012లో ప్రచురించిన ‘గురుజాడలు’ సంపుటం గురజాడ లభ్యరచనలను ఒకచోట చేర్చింది. అంటే, ఈనాటి పరిశోధకుడికి రెండు పాఠాలూ చేతికందే దూరంలోనే ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి సన్నివేశాల పట్టిక ఒకటి తయారుచేసుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ పట్టిక వ్యాసంలో అచ్చు కాకపోవచ్చు, కాని అది లేకుండా ఈ నాటకం మీద కాలసంబంధమైన ఏ మాటా చెప్పకూడదు.

4. పీఠికలోని అంకెలు

‘ప్రాథమిక ఆకరం’, ‘ద్వితీయ ఆకరం’ అనేవి పుస్తకాలకు శాశ్వతంగా అతికించే చీటీలని చాలామంది భావిస్తారు. కవి రాసింది ప్రాథమికం, విమర్శకుడు రాసింది ద్వితీయం అని పరిశోధనపద్ధతుల పాఠంలో చెప్పుకోవడం దీనికి కారణం. నిజానికి ఒకే వాక్యం ఒక ప్రశ్నకు ప్రాథమిక ఆకరమై, మరొక ప్రశ్నకు ద్వితీయమవుతుంది. 1897 కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక ఇందుకు మంచి నిదర్శనం.

ఆ పీఠికలో గురజాడ ఒక జాబితాను ప్రస్తావిస్తారు. విజయనగర సంస్థానాధీశుడు ఆనందగజపతి తయారుచేయించిన ఆ జాబితాలో విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణకుటుంబాల్లో మూడేళ్లపాటు జరిగిన శుల్కవివాహాలు నమోదయ్యాయి. మొత్తం 1034 వివాహాలు, ఏడాదికి సగటున 344. ఐదేళ్ల వయసులో పెళ్లయినవారు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు 6, ఏడాది నిండిన పసిపిల్లలు 3. ఆ చివరి ముగ్గురికీ పలికిన వెల 350 నుంచి 400 రూపాయల దాకా.

ఈ అంకెలు చదివితే ఎవరికైనా ఒళ్లు గగుర్పొడుస్తుంది. అందుకే ఇవి వ్యాసం నుంచి వ్యాసానికి ప్రయాణిస్తూ వస్తున్నాయి. దారిలో కొన్ని మార్పులకూ లోనయ్యాయి. ‘మూడేళ్లు’ జారిపోయి ‘ఏటా 1034’ అయిన చోట్లున్నాయి. ‘విశాఖపట్నం జిల్లా’ జారిపోయి ‘ఆంధ్రదేశం’ అయిన చోట్లున్నాయి. పీఠికను చూడకుండా దాన్ని ఉదాహరించిన పుస్తకాన్ని మాత్రమే చూసి రాయడం వల్ల వచ్చే ఫలితమిది.

పీఠికను స్వయంగా చూసిన పరిశోధకుడు అడగవలసిన ప్రశ్నలు వేరు. మొదటిది, గురజాడ ఈ జాబితాను స్వయంగా సేకరించారా? లేదు, మరొకరు తయారుచేయించినదాన్ని ఉదాహరించారు. కాబట్టి ‘గురజాడ ఈ దురాచారాన్ని ఎంత తీవ్రమైనదిగా భావించారు?’ అన్న ప్రశ్నకు పీఠిక ప్రాథమిక ఆకరం. ‘విశాఖపట్నం జిల్లాలో శుల్కవివాహాలు ఎన్ని జరిగాయి?’ అన్న ప్రశ్నకు అది ద్వితీయ ఆకరమే. దానికి ప్రాథమికం ఆ జాబితా. రెండోది, జాబితా ఎంత నమ్మదగినది? దీనికి జవాబు గురజాడే ఇచ్చారు. సంబంధితులు డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకోవడానికి వెనుకాడడం సహజం కాబట్టి జాబితా సంపూర్ణమూ కాదు, పూర్తిగా నిర్దుష్టమూ కాదని ఆయన అక్కడే హెచ్చరించారు. ఆశ్చర్యమేమంటే, అంకెలను ఎత్తిరాసేవారు ఆ హెచ్చరికను దాదాపుగా వదిలేస్తారు.

మూడోది, అంకెలు ఏం చెబుతున్నాయి? ఐదేళ్లూ అంతకు లోపూ ఉన్నవారిని కూడితే 188 అవుతారు. అంటే 1034లో నూటికి సుమారు 18 మంది. తక్కిన 846 మంది వయసుల వివరం పీఠికలో లేదు. ‘శుల్కవివాహాల్లో పెళ్లికూతుళ్లందరూ పసికందులే’ అన్న వాక్యానికి ఈ పీఠికను ఆధారంగా చూపడం కుదరదు. ‘నమోదైన వివాహాల్లో దాదాపు ఐదోవంతు ఐదేళ్లలోపు పిల్లలవి’ అని చెప్పవచ్చు. రెండో వాక్యంలో తీవ్రత తగ్గిందని బాధపడనక్కరలేదు. ఎవరూ కొట్టివేయలేని మాటకు ఉండే బరువు దానికుంది. ఆడపిల్లల బతుకులకు సంబంధించిన ఈ అంకెలను అతిశయోక్తిగా వాడితే, రేపు ఎవరో ఒకరు కూడికలో తప్పు పట్టుకొని అసలు దురాచారాన్నే చిన్నదిగా చూపే ప్రమాదముంది. లెక్కను సరిగా చెప్పడం ఇక్కడ పద్ధతికి మాత్రమే చెందిన విషయం కాదు.

5. ఆకరాలు దొరికే చోట్లు

ఇంతకు పూర్వం ఆ విషయం మీద ఏమి వచ్చిందో చూడడానికి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ‘శోధ్‌గంగ’ మొదటి మెట్టు. అక్కడ ఒకే అక్షరక్రమంతో వెదికి ‘ఏమీ లేదు’ అనే నిర్ణయానికి రాకూడదు. కన్యాశుల్కం, కన్యాశుల్కము, గురజాడ, గురుజాడ అనే రూపభేదాలతోనూ రోమనులిపిలో రెండు మూడు విధాలుగానూ వెదకాలి. గ్రంథపాఠం అనేకచోట్ల చిత్రాల రూపంలో ఉంటుంది కాబట్టి లోపలి మాటలు వెదుకులాటకు చిక్కవు. విషయసూచికను తెరిచి కళ్లతో చదవడం తప్పదు.

పాతపుస్తకాల విషయంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రతులు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని ప్రతులు ఎంతో మేలు చేశాయి. అయితే వాటి పక్కన నమోదుచేసిన పేర్లూ సంవత్సరాలూ విశ్వసనీయమైనవి కావు. పునర్ముద్రణ సంవత్సరమే తొలిముద్రణగా కనిపించడం సాధారణం. ముఖపత్రాన్ని, దాని వెనుకపుటను చూసిన తరువాతనే సంవత్సరం రాసుకోవాలి. ముఖపత్రం మీద ‘ప్లవ’ అని మాత్రమే ఉంటే అది 1901–02 కావచ్చు, 1961–62 కావచ్చు. అరవయ్యేళ్ల చక్రంలో ఏ ఆవృత్తమో ముద్రాలయం పేరు, ధర, పీఠికాకర్త జీవితకాలం వంటివి తేల్చాలి.

పాతపత్రికలకు ప్రెస్ అకాడమీ డిజిటల్ భాండాగారం ఆధారం. ముద్రితగ్రంథాలకు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం. లిఖితప్రతులకు చెన్నై ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారం, తంజావూరు సరస్వతీమహలు, తిరుపతి ప్రాచ్యపరిశోధన సంస్థ ఉన్నాయి. వీటి పేర్లు తెలియనివారు తక్కువ.

తెలుగు పరిశోధకులు తగినంతగా వాడుకోని ఆకరం మరొకటుంది. 1867 నాటి పత్రికల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మద్రాసు రాజధానిలో అచ్చయిన పుస్తకాలను మూడు నెలలకొకసారి జాబితాగా ప్రకటించేవారు. పుస్తకం పేరు, రచయిత, ముద్రాలయం, పుటలు, ప్రతుల సంఖ్య, ధర వంటి వివరాలు అందులో ఉంటాయి. ఒక నవల ‘విశేషాదరణ పొందింది’ అని రాయడానికి బదులు దాన్ని ఎన్ని ప్రతులు వేశారో, ఎంతకు అమ్మారో చెప్పగలిగితే పాఠకాదరణ మీద ఒక నిజమైన ప్రతిపాదన చేయవచ్చు. బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు బార్నెట్ 1912లో ప్రకటించిన సూచిక కూడా తేదీలను సరిచూసుకోవడానికి ఉపకరిస్తుంది.

6. ఆకరాలే లేనప్పుడు

గ్రంథాలయంలో దొరకకపోవడం లేకపోవడం కాదు. ఈ మాటను ఆచరణలో చూపినవారు సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న అర్థం వచ్చే వ్యాఖ్య వెలువడినప్పుడు దానికి వాదంతో జవాబివ్వడం తేలిక. తాను 1926 నుంచి నడుపుతున్న ‘గోలకొండ పత్రిక’ ద్వారా ఆయన కవుల రచనలను, వివరాలను ఆహ్వానించారు. 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడింది.

పరిశోధనపద్ధతి దృష్టితో చూస్తే ఇందులో రెండు అంశాలు గమనించదగినవి. ‘లేరు’ అనే సార్వత్రికనిషేధాన్ని కొట్టివేయడానికి తర్కరీత్యా ఒక్క కవి చాలు. 354 మంది కావలసివచ్చింది ఎందుకంటే ఎదురుగా ఉన్నది తర్కం కాదు, చిన్నచూపు. రెండోది ఈ ఆకరానికున్న పరిమితి. పత్రిక పిలుపు అందినవారు, అందిన తరువాత పంపగలిగినవారు, పంపదలచినవారు మాత్రమే ఇటువంటి సేకరణలోకి వస్తారు. కాబట్టి ‘ఆనాటి తెలంగాణలో కవిత్వం ఉందా?’ అన్న ప్రశ్నకు ఈ సంచిక తిరుగులేని సాక్ష్యం. ‘ఆనాటి తెలంగాణలో ఏ వర్గాలవారు ఎంతమేరకు కవిత్వం చెప్పారు?’ అన్న ప్రశ్నకు దీన్ని జనాభాలెక్కలా వాడుకోవడం కుదరదు. నేడు స్థానికచరిత్రల మీద, మౌఖికసాహిత్యం మీద పనిచేసే పరిశోధకులు సేకరణ ఎలా చేశారో, ఎవరిని కలిశారో, ఎవరిని కలవలేకపోయారో రాసిపెట్టడం అందుకే అవసరం.

7. ప్రతిపాదన రూపుదిద్దుకోవడం

తిరిగి ‘కన్యాశుల్కం’ దగ్గరికి వస్తే, రెండు కూర్పుల పట్టిక చేతిలో ఉన్న పరిశోధకుడు మొదటగా ఇలా రాసుకోవచ్చు: ‘సంస్కరణను ప్రచారం చేసే నాటకం, 1909 నాటికి సంస్కర్తలను ప్రశ్నించే నాటకంగా మారింది.’ ఇది ప్రతిపాదనే. దీన్ని కాదనవచ్చు, అవుననవచ్చు, రెంటికీ ఆధారాలు వెదకవచ్చు. అయితే రాసిన వెంటనే దీని మీద ప్రేమ పెంచుకోకుండా పూర్వపక్షాన్ని పిలవాలి.

పూర్వపక్షం రెండు వైపుల నుంచి వస్తుంది. మొదటిది విమర్శకుల నుంచి. ఈ నాటకాన్ని సంస్కరణనాటకంగా చదివే అలవాటును వెల్చేరు నారాయణరావు తన ఇంగ్లీషు అనువాదానికి (2007) చేర్చిన వ్యాసంలో ప్రశ్నించారు. దానికి భిన్నంగా కె.వి. రమణారెడ్డి ‘మహోదయం’ గురజాడను ఆనాటి సామాజికచలనాల నేపథ్యంలో నిలిపి చూసింది. ఈ రెంటినీ ‘పూర్వపరిశోధనలు’ అనే శీర్షిక కింద చెరొక పేరాలో పొగడి వదిలేయడం పరిపాటి. వాటిలో ఎవరి మాట నిలిస్తే తన ప్రతిపాదన నిలవదో పరిశోధకుడు చెప్పగలగాలి. పూర్వపరిశోధనల సమీక్ష ఉన్నది అందుకే.

రెండో పూర్వపక్షం మూలగ్రంథం నుంచే వస్తుంది. అదే ఎక్కువ ప్రమాదకరం. గిరీశం తొలి కూర్పులోనే ఉన్నాడు. వితంతువివాహం గురించి ఉపన్యసిస్తూ తన పబ్బం గడుపుకొనే ఆ కపటసంస్కర్త 1897లోనే ఉన్నప్పుడు, సంస్కర్తలను ప్రశ్నించడం 1909లో మొదలైందని ఎలా అనగలరు? ఇక్కడ పరిశోధకుడికి మూడు దారులున్నాయి. గిరీశాన్ని ప్రస్తావించకుండా వదిలేయడం మొదటిది. పరిశోధనలో దానికి తావులేదు. ప్రతిపాదనను వదులుకోవడం రెండోది, అది తొందరపాటు. ప్రతిపాదనను సవరించడం మూడోది: ‘సంస్కర్తల మీద ప్రశ్న తొలి కూర్పులోనే ఉంది. మలి కూర్పులో ఆ ప్రశ్న కపటసంస్కర్తను దాటి నిజాయతీగల సంస్కర్త దాకా వెళ్లింది. దాన్ని అడిగే అధికారం మధురవాణికి దక్కింది.’ మలి కూర్పు చివరి అంకంలో సౌజన్యారావుకూ మధురవాణికీ మధ్య నడిచే సంభాషణ దీనికి బలమైన ఆధారం. ఈ సవరించిన మాట మొదటిదానికంటె ఇరుకైనది, కాని దాన్ని పడగొట్టడం అంత సులభం కాదు.

దీన్ని పడగొట్టే సాక్ష్యం ఏదో కూడా ఇప్పుడు స్పష్టంగా చెప్పవచ్చు. తొలి కూర్పు ముగింపులో మధురవాణి ఇంతటి అధికారంతోనే సంస్కర్తను నిలదీసినట్టు తేలితే ప్రతిపాదన వీగిపోతుంది. కాబట్టి ముందుగా చదవవలసినవి ఆ పుటలే. ప్రతికూలసాక్ష్యం ఉండగల చోటుకు మొదట వెళ్లే అలవాటు ఉన్న పరిశోధకుడు నెలల తరబడి శ్రమ వృథా కాకుండా చూసుకుంటాడు. పర్యవేక్షకులు విద్యార్థిని ‘నీ మాట తప్పని ఏ పేజీ చూపిస్తే ఒప్పుకుంటావు?’ అని అడిగితే సగం పని అయినట్టే.

ప్రతిపాదన సవరించుకున్న ప్రతిసారీ శీర్షికను కూడా మార్చవలసి ఉంటుంది. నమోదు సమయంలో ఇచ్చిన శీర్షికను మార్చడానికి సిద్ధాంతగ్రంథాల విషయంలో నిబంధనలు అడ్డు రావచ్చు. పరిశోధనవ్యాసానికి ఆ అడ్డు లేదు. ‘కన్యాశుల్కం – మధురవాణి: ఒక పరిశీలన’ అని మొదలైనది ‘కన్యాశుల్కం రెండు కూర్పుల ముగింపులు: సంస్కర్తను ప్రశ్నించే అధికారం’ అని తేలవచ్చు. ఉపోద్ఘాతాన్ని కూడా చివర తిరగరాయాలి. మొదటి రోజు రాసిన ఉపోద్ఘాతం మొదటి రోజు నాటి ప్రతిపాదననే మోస్తూ ఉంటుంది. ఉపోద్ఘాతం ఒకటి వాగ్దానం చేసి వ్యాసం మరొకటి నిరూపించడానికి సాధారణ కారణం ఇదే.

పాదసూచికల్లో ఒక్క జాగ్రత్త అవసరం. పరిశోధకుడు 1897 ముద్రణను కళ్లతో చూడకుండా బంగోరె 1969 ప్రచురణలోనో, 2012 సంపుటంలోనో ఆ పాఠాన్ని చదివి ఉంటే, తాను చదివిన పుస్తకం పేరూ పుటసంఖ్యా ఇచ్చి, ‘1897 పాఠానికి పునర్ముద్రణ’ అని పక్కన రాయాలి. పునర్ముద్రణలో అచ్చుతప్పు దొర్లి ఉంటే, తరువాతి పరిశోధకుడు దాన్ని గురజాడకు అంటగట్టకుండా ఆ సూచిక అడ్డుకుంటుంది.